మచ్చల డాక్టరు శుభ్రం చేసిన ఆకాశం

ఆ వీధిలో మచ్చల డాక్టరు ఎక్కడుంటాడని అడిగితే ఎవరైనా ఫొటో స్టూడియో వైపే చెయ్యి చూపిస్తారు. మందులిచ్చే డాక్టరు కాదు లెండి. ఫొటోలో మొటిమ ఉంటే మాయం చేస్తాడు, గాటు ఉంటే పూడ్చేస్తాడు, కళ్ళ కింద నలుపుంటే కడిగేస్తాడు. పదహారో ఏట స్టూడియోలో చేరినప్పుడు నెగెటివ్ మీద సూదిమొనలాంటి పెన్సిలుతో చేసిన పనినే ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని మౌసుతో చేస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతిలో పడి నున్నబడని మొహం ఆ చుట్టుపక్కల లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ చెయ్యంటే ఆయనకి మహా గర్వం. ఒకసారి ఒకాయన డెబ్బై ఏళ్ళ తల్లి ఫొటో పెద్దది చేయించుకుని వెళ్ళాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "ఎవర్రా ఈవిడ? మీ నాన్నకి తెలిసినావిడా?" అని అడిగిందట. ఇంకొకాయన దరఖాస్తులో ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందని రాసుకుంటే, ఫొటోలో ఆ మచ్చే లేదని ఆఫీసువాళ్ళు కాగితాలు వెనక్కి పంపేశారు. ఆయన వచ్చి కౌంటరు మీద ఫొటోలు విసిరికొడితే, "మొహం బాగుంటే తప్పేంటండీ" అన్నాడు మన డాక్టరు. ఇంకొకరైతే ఆ రోజే కాస్త బుద్ధి తెచ్చుకునేవారు. ఈయన ఆ కథని కూడా పదిమందికీ చెప్పి నవ్వించాడు.

దరఖాస్తు ఫొటోలకి ఆయన పద్ధతి ఒకటుంది. నాలుగైదు సార్లు క్లిక్‌మనిపిస్తాడు. అందులో కన్ను మూసినవీ, మెడ వంకర పోయినవీ పక్కన పడేసి, ఉన్నవాటిలో శుభ్రమైనది ఒకటి ఎంచుకుంటాడు. దాన్నే వరసగా ఎనిమిది గళ్ళలో పెట్టి ప్రింటు తీస్తాడు. రోజుకి ఇరవై ముప్పై మందికి ఇదే వరస. నిద్రలో లేపి అడిగినా ఆయన వేళ్ళు ఆ పని చేసేస్తాయి.

ఆయన ఉండేది అక్కావాళ్ళ ఇంట్లో, మేడ మీద గదిలో. ఊళ్ళోవాళ్ళ మొహాలు దిద్దుతూ కూర్చుని తమ్ముడు పెళ్ళి సంగతే మరిచిపోయాడని అక్క వారానికోసారైనా దెప్పుతుంది. ఆయనకి పిల్లలంటే మేనకోడలు ఒక్కతే. చిట్టి అంటారు ఇంట్లో. తొమ్మిదో తరగతి. మాట తక్కువ, లెక్క ఎక్కువ. మెట్లెక్కుతూ మెట్లు లెక్కపెడుతుంది, బస్సులో కూర్చుంటే కిటికీలోంచి కరెంటు స్తంభాలు లెక్కపెడుతుంది. అటువంటి పిల్లకి ఆ చలికాలం ఆకాశం దొరికింది.

బడిలో సైన్సు చార్టుల పోటీ పెట్టారు. ఎవరికి వాళ్ళు స్వయంగా చూసి, కొలిచి, కనుక్కున్న విషయం మీదే చార్టు వెయ్యాలి. కాలేజీ నుంచి లెక్చరరు వచ్చి చూస్తారు. బాగా చేసిన ఇద్దరిని ఎండాకాలం సెలవుల్లో పదిహేను రోజులు కొండ మీద పెద్ద టెలిస్కోపు ఉన్న చోటికి పంపిస్తారు. చిట్టి ఆ నోటీసు చదివిన రోజు నుంచి అన్నం తింటూ కూడా ఆ కొండ గురించే మాట్లాడింది. దాని నోటి నుంచి అన్ని మాటలు రావడం చూసి అక్కే ముక్కున వేలేసుకుంది.

చిట్టి ఎంచుకున్నది మృగవ్యాధుడు, అదే ఓరియన్ అనే చుక్కల గుంపు. నాలుగు మూలలా నాలుగు పెద్ద చుక్కలు, మధ్యలో వరసగా మూడు చుక్కలు. ఇవి ఎవరికైనా కనిపిస్తాయి. ఆ నాలుగు మూలల లోపల ఇంకా సన్నసన్న చుక్కలు చాలా ఉంటాయి. అవి ఎన్ని కనిపిస్తాయన్నది మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాని మీద ఉంటుంది. వీధి దీపాల వెలుతురు ఎంత ఎక్కువైతే చుక్కలు అంత తగ్గిపోతాయి. చిట్టి కనుక్కోవాలనుకున్నది అదే. మార్కెట్ వీధి, ఇంటి డాబా, ఊరి బయట రిజర్వాయరు గట్టు. ఒక్కో చోట మూడేసి సాయంత్రాలు, మొత్తం తొమ్మిది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, అట్ట మీద తెల్ల కాగితం పెట్టుకుని, కంటికి కనిపించిన ప్రతి చుక్కనీ పెన్సిలుతో ఉన్నచోటే గుర్తు పెట్టింది. పెద్ద చుక్కకి పెద్ద బొట్టు, సన్న చుక్కకి పెన్సిలు మొన ఆనించీ ఆనించనట్టు చిన్న గుర్తు.

రిజర్వాయరు గట్టుకి మూడుసార్లూ స్కూటరు మీద తీసుకెళ్ళింది మచ్చల డాక్టరే. ఆయన స్కూటరు మీద కూర్చుని ఫోను చూసుకునేవాడు. "మావయ్యా, ఒకసారి పైకి చూడు, ఎన్ని ఉన్నాయో!" అని చిట్టి పిలిస్తే, తల సగమెత్తి, "ఆ ఆ, బ్రహ్మాండంగా ఉన్నాయి" అనేసి మళ్ళీ ఫోనులో పడేవాడు. ఆ చుక్కల్ని ఆయన సరిగా చూసి ఉంటే ఈ కథే లేదు.

పోటీకి నాలుగు రోజుల ముందు చిట్టి ఆ తొమ్మిది కాగితాలూ, కింద రాయాల్సిన అంకెలూ మావయ్య చేతికిచ్చింది.

"పెద్దది చేసి వరసగా పెట్టు మావయ్యా, చాలు. ఇంకేం మార్చకు."

"నాకు చెప్తున్నావా? ఊరందరికీ చేసేవాణ్ణి, నా మేనకోడలికి చెయ్యనా? చూస్తూ ఉండు."

ఇంత ప్రేమగా చేసిన పని ఆయన జీవితంలో ఇంకొకటి లేదు. ఓనరు గొణుగుతున్నా లెక్కచెయ్యకుండా రెండు సాయంత్రాలు దానికే కేటాయించాడు. కాగితాలు స్కాన్ చేసి తెర మీద పెద్దవి చేసి చూస్తే ఆయన ప్రాణం ఉసూరుమంది. మొదటి కాగితం ముచ్చటగా ఉంది, ఏడు బొట్లు, తెల్లటి కాగితం. మూడోది చూడబోతే నిండా నలకలు, పైగా అంచున ఏదో గిలికి ఉంది. ఇక రిజర్వాయరు దగ్గరివైతే చెప్పనే అక్కర్లేదు. 'పాపం, చీకట్లో గీసింది, పెన్సిలు ఎక్కడపడితే అక్కడ గుచ్చేసుకుంది' అనుకున్నాడు. తెర మీద ఒక కాగితంలో సగం దాకా ఆ నలకలన్నీ ఓపిగ్గా తుడిచాడు. తుడవగా తుడవగా తేలిందేమిటంటే, అది కూడా అచ్చం మొదటి కాగితంలాగే ఉంది. అన్నీ అదే బొమ్మ అయినప్పుడు ఈ యాతనంతా ఎందుకు? ఆయన వేళ్ళకి తెలిసిన దారి అవే పట్టాయి. శుభ్రమైనది ఒకటి ఎంచుకున్నాడు, తొమ్మిది గళ్ళలో పెట్టాడు. వెనక ముదురు నీలం వేశాడు, చుక్కలకి తెల్లటి మెరుపు అద్దాడు. చిట్టి ఇచ్చిన అంకెలు ఏ గడి కింద ఏది ఉండాలో పొల్లుపోకుండా టైపు చేశాడు. మూడు, మూడు, పదమూడు, ఆరు, ఏడు, ఆరు, పంతొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై. ఆ అంకెలు దేనికో ఆయన అడగలేదు. పైన 'మన ఆకాశంలో ఎన్ని చుక్కలు?' అని పెద్ద అక్షరాలు పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, ఐదు నిమిషాలు చూసుకుని మురిసిపోయాడు.

ప్రింటు పోటీనాటి పొద్దున గానీ రాలేదు. ఆయనే చుట్ట చుట్టి బడికి పట్టుకెళ్ళాడు. స్టూడియోకీ బడికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డు. హాలులో వరసగా బల్లలు, వాటి వెనక అట్టలు. ఆయన క్లిప్పులు పెట్టి చార్టు నిటారుగా నిలబెట్టగానే పక్క బల్లల పిల్లలు చుట్టూ మూగారు. లెక్కల మాస్టారు ఆగి, "అబ్బ, ఎవరండీ చేసింది? అచ్చం పుస్తకం అట్టలా ఉందే!" అన్నారు.

"మన చెయ్యేనండీ" అన్నాడు మచ్చల డాక్టరు, ఎంత వద్దనుకున్నా ఛాతీ ముందుకొచ్చేస్తుంటే. స్టూడియో ఓనరు కూడా వచ్చి ఉన్నాడు. బడి పిల్లలందరి గుర్తింపు కార్డుల ఫొటోల పని అడగడానికి. ఆయన కూడా భుజం తట్టి, "మా డాక్టరు చెయ్యి పడిందంటే ఇక తిరుగులేదండీ" అని హెడ్‌మాస్టరుతో గట్టిగా అన్నాడు.

అప్పుడొచ్చింది చిట్టి, పరిగెత్తుకుంటూ. చార్టు ముందు ఆగింది. మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు, ఆర్పడం మరిచిపోయిన దీపంలా.

"మావయ్యా, ఇవన్నీ ఒకటే కాగితం."

"అవునే, ఉన్నవాటిలో మంచిది ఏరి పెట్టాను. మిగతావన్నీ నలకలు."

"నలకలు కాదు మావయ్యా. అవే చుక్కలు. నేను లెక్కపెట్టింది అవే. ఇది మార్కెట్ వీధి కాగితం. అక్కడ ఏమీ కనిపించవు. అందుకే శుభ్రంగా ఉంది."

మచ్చల డాక్టరుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత అంతా ఒక్కసారే అర్థమయింది. తొమ్మిది సాయంత్రాలు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి. గట్టు మీద చలికి ముడుచుకుని కూర్చుని మెడ నొప్పెట్టేలా పైకి చూసిన పిల్ల. అదంతా ఆయన నలకలని తుడిచేశాడు.

"నా కాగితాలు ఏవి?"

"డ్రాయర్లో ఉన్నాయి. భద్రంగా ఉన్నాయి."

"వెళ్ళి తెస్తావా?"

రోడ్డు దాటితే చాలు. కానీ ఆయన అడుగు వెయ్యకముందే లెక్చరరు మేడం చార్టు ముందుకు వచ్చేసింది. వెనకే హెడ్‌మాస్టరు, లెక్కల మాస్టారు, స్టూడియో ఓనరు.

మేడం కళ్ళద్దాలు సర్దుకుని చార్టంతా తీరిగ్గా చూసింది. ముందు పైనున్న అక్షరాలు, తరవాత గళ్ళు, తరవాత కిందున్న అంకెలు. వేలితో ఒక గడిని చూపించింది.

"ఇక్కడ నాలుగు మూలల లోపల పంతొమ్మిది చుక్కలు కనిపించాయని రాశావు. బొమ్మలో మూడే ఉన్నాయేంటమ్మా?"

చిట్టి ఆ గడి వైపు చూసింది.

"పోటీకి పేరిచ్చినప్పుడు తొమ్మిది రోజులు, మూడు చోట్లు అన్నావు. తొమ్మిదింట్లోనూ ఒక్క చుక్క కూడా వెంట్రుకవాసి జరగలేదు. నువ్వు నిజంగా చూసి గీశావా, ఎక్కడైనా ఒక బొమ్మ దొరికితే తొమ్మిదిసార్లు అంటించావా?"

చిట్టి తల వంచుకుని, రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడింది. చాలాసేపే నిలబడింది. పిల్ల భయపడిపోయిందనుకున్నాడు మచ్చల డాక్టరు. 'అది నేను చేసిన పనండీ' అన్న మాట ఆయన నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన ఓనరు ఉన్నాడు, గుర్తింపు కార్డుల పని ఉంది అని తనకి తాను చెప్పుకున్నాడు. అది అబద్ధం. ఆయన నోరు నొక్కేసింది ఓనరు కాదు, పనీ కాదు. ఇప్పుడే కదా అందరి ముందూ 'మన చెయ్యే' అన్నాడు. ఆ చెయ్యి ఇంత తెలివితక్కువ పని చేసిందని అదే నోటితో చెప్పడానికి ఆయనకి మనసొప్పలేదు. అంతే.

చిట్టి తలెత్తింది.

"నేనే అలా చేశాను మేడం. నీట్‌గా ఉంటుందని."

మేడం చేతిలో కాగితం మీద ఏదో రాసుకుని పక్క బల్లకి వెళ్ళిపోయింది. లెక్కల మాస్టారు "ఏంటమ్మా నువ్వు కూడా!" అని తల ఆడించారు. ఆ పక్కబల్ల పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. మచ్చల డాక్టరు తేలు కుట్టిన దొంగలా అక్కడే ఉండి, చిట్టి తన వైపు చూస్తుందేమోనని క్లిప్పులు సవరిస్తున్నట్టు నటించాడు.

ఆ సాయంత్రం కింద వాటాలో అక్క గొంతు మేడ దాకా వినిపించింది. "ఇంత పెంకితనం ఎక్కడ నేర్చావే? ఒకటే బొమ్మ తొమ్మిదిసార్లు అతికించావంటగా! నలుగురిలో నా తల కొట్టేసినట్టయింది. అన్ని రోజులు స్కూటరెక్కి తిరిగింది దేనికి మరి? షికారుకా?" చిట్టి జవాబు చెప్పిన చప్పుడే లేదు. మచ్చల డాక్టరు గది తలుపు తీసుకుని మెట్ల దాకా వచ్చాడు. నాలుగు మెట్లు దిగాడు. "మావయ్య ఎంత కష్టపడి చేసిపెట్టాడో నీకేమైనా సిగ్గుందా?" అంది అక్క. దిగిన నాలుగు మెట్లూ మళ్ళీ ఎక్కేశాడు. మనిషన్నవాడు ఒకే తప్పు ఒకే రోజు రెండుసార్లు చెయ్యగలడా అంటే చెయ్యగలడు, ఆయన చేశాడు. సిగ్గు గురించి అక్క అడగాల్సింది చిట్టిని కాదని ఆయనకి తెలుసు.

పొద్దున్నే స్టూడియో తెరిచి, డ్రాయర్లోంచి కాగితాలు తీశాడు. వాటిని మొట్టమొదటిసారి సరిగా చూశాడు. మూడో కాగితం అంచున ఉన్నది పిచ్చిగీతలు కావు. చిన్న అక్షరాలు. 'మార్కెట్ వీధి. 7:40కి కరెంటు పోయింది. ఒక్కసారి అన్నీ వచ్చేశాయి!' అని ఉంది. మిగతా రెండు రోజులూ మూడే చుక్కలు కనిపించిన చోట ఆ రోజు పదమూడు. తొమ్మిదింటిలోకీ గొప్పది అదే, ఆయన తెర మీద చూసి మొహం చిట్లించిందీ అదే. ముప్పై ఏళ్ళుగా గింజంత మచ్చని కూడా వదలని కళ్ళు ఈ అక్షరాలని ఎలా వదిలేశాయో ఆయనకే తెలియలేదు.

ఎంపికైన ఇద్దరి కాగితాల పని మీద మేడం ఆ రోజు కూడా బడికి వచ్చింది. హెడ్‌మాస్టరు గదిలో ఆవిడ ముందు కాగితాలు పరిచి, మచ్చల డాక్టరు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఏదీ దాచలేదు.

"నిన్న నేను అడిగినప్పుడు మీరు అక్కడే ఉన్నారు కదూ?" అంది మేడం అంతా విని.

"ఉన్నానండి."

ఆవిడ ఇంకో మాట అనలేదు. అని ఉంటేనే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

చిట్టిని పిలిపించారు. అది లోపలికి వచ్చి బల్ల మీద కాగితాలు చూసింది, మావయ్యని చూసింది, గోడ వైపు తిరిగిపోయింది.

"నువ్వే చేశానన్నావు నిన్న. తానే చేశానంటున్నారు ఈయన. నువ్వు అబద్ధం చెప్పింది నిన్ననా, ఈయన చేత ఇవాళ చెప్పిస్తున్నావా?"

ఈ ప్రశ్న వస్తుందని మచ్చల డాక్టరు కలలో కూడా అనుకోలేదు. నిజం చెప్పేస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాడు. ఆయన ఆలస్యంగా చెప్పిన నిజం పిల్లని మళ్ళీ బోనెక్కించింది.

"నిన్న మేడం" అంది చిట్టి. "నిన్న చెప్పిందే అబద్ధం."

మేడం మూడో కాగితం చేతిలోకి తీసుకుంది. "కరెంటు ఎంతసేపు పోయింది?"

"నలభై నిమిషాలు. ముందు ఐదు నిమిషాలు కళ్ళు అలవాటు పడలేదు. తరవాత ఒక్కొక్కటీ కనిపించాయి. మళ్ళీ కరెంటొచ్చాక మూడే."

మేడం ఆ కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. "ఈ కాగితం ఒక్కటి నిన్న ఆ అట్ట మీద ఉంటే..." అని ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నిన్ను నమ్ముతున్నానమ్మా. బాగా చూశావు. కానీ ఇద్దరి పేర్లూ నిన్న సాయంత్రమే పంపేశాం. ఆ పిల్లలకీ చెప్పేశాం. ఇప్పుడు వాళ్ళలో ఒకరి పేరు కొట్టేసి నీ పేరు రాయమంటావా?"

"వద్దు మేడం" అంది చిట్టి వెంటనే.

"వచ్చే ఏడు మళ్ళీ రా" అంది మేడం.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. క్లాసులు జరుగుతున్నాయి, ఏదో గదిలో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. మచ్చల డాక్టరు చిట్టి మొహంలోకి చూడలేక దాని చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇవాళే మీ అమ్మకి చెప్తాను. అందరికీ చెప్తాను. నన్ను తిట్టవే చిట్టీ. నాలుగు తిట్టు."

"తుడిచేసినందుకు నాకు కోపం లేదు మావయ్యా. నీకు తెలీక చేశావు." చిట్టి కాగితాలు ఆయన చేతిలోంచి తీసుకుని, ఒకటి నుంచి తొమ్మిది దాకా వరస సరిచూసుకుంది. "నిన్న మేడం అడగ్గానే నేను ఎందుకు చెప్పలేదో తెలుసా? నువ్వు చెప్తావని ఆగాను. మనసులో లెక్కపెట్టుకుంటూ నించున్నాను. పది దాకా అనుకున్నాను. నువ్వు చెప్పలేదు. సరే, ఇరవై దాకా చూద్దామనుకున్నాను."

ఆయన ఏదో అనబోయాడు.

"ఇరవై కూడా అయిపోయింది మావయ్యా" అంది చిట్టి. క్లాసుకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది.